మూడో అంతస్తులో తొలి ఈత

ఆ రోజు పొద్దున గుమస్తా ఆవలిస్తూ హాల్లోకి వచ్చేసరికి, ఆయన భార్య రెండు స్టూళ్ళ మీద బోర్లా పడుకుని గాల్లో ఈదుతోంది. కాళ్ళకి కప్ప పాదాల్లాంటి ఆకుపచ్చ రబ్బరు రెక్కలు. కళ్ళకి ఈత కళ్ళద్దాలు. ఒంటి మీద తనే కుట్టుకున్న నీలం రంగు ఈత దుస్తులు. ఆవిడ పేరున్న దర్జీ కాబట్టి మెడ దగ్గర్నుంచి చీలమండల దాకా గుడ్డకి ఎక్కడా లోటు చెయ్యలేదు. పడితే ముక్కు పగలకుండా తలవైపు నేల మీద పరుపు వేసుకుంది. కాళ్ళు కిందికి దిగినప్పుడల్లా రెక్కలు నేలని కొట్టి దబ్బు దబ్బుమంటున్నాయి.

"నిన్నంతా ఇదే, ఇవాళా ఇదేనా?" అన్నాడు గుమస్తా.

"మోకాళ్ళకి ఈత మంచిదని డాక్టరు చెప్పాక కూడా కుట్టుమిషను తొక్కుతూ కూర్చోమంటారా? కానీ తిన్నగా కొలనులో దిగి పదిమందిలో నవ్వులపాలవ్వడం నా వల్ల కాదు. ముందు గట్టు మీద నేర్చుకుంటాను. తర్వాతే నీళ్ళు. ఇంటికొచ్చి నేర్పే మాస్టారు ఎవరైనా దొరుకుతారేమో ఆఫీసులో కనుక్కోండి. పెద్దవయసు మనిషైతే మంచిది."

"అలాగే."

"నాకని మాత్రం చెప్పకండి. నా వయసు అసలే చెప్పకండి. ఈ వయసులో ఇదేం సరదా అని ఊరంతా నవ్వుతుంది."

చెప్పకుండా చెప్పడంలో గుమస్తాని మించినవాడు లేడు. ఉప్పు కావాలంటే కూర రుచి గురించి మొదలుపెట్టే రకం. ఆఫీసులో ఆయన్ని వెనకాల 'నాన్చుడుగారు' అంటారు. అలాంటి మనిషికి గుట్టుగా చెయ్యమని ఒక పని అప్పజెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూడా ఆ పొరపాటు చెయ్యగలిగిందంటే ఆవిడది ఎంత మంచి మనసో అర్థం చేసుకోవాలి.

ఆఫీసులో అందరికీ అన్ని పనులకీ మనుషుల్ని చూపించేవాడు స్టోర్‌కీపరు. ఊరి చివర ఆయనకి నాలుగు ఆవులున్నాయి. మనిషి స్టోర్లో కూర్చున్నా మనసు పాకలోనే ఉంటుంది. గుమస్తా అటూ ఇటూ చూసి, రేకు అల్మారా పక్కకి జరిగి, గొంతు తగ్గించాడు.

"మా ఇంట్లో ఒక చిన్న వ్యవహారం. ఈత సంగతి. చెయ్యి తిరిగిన మనిషెవరైనా తెలుసా?"

స్టోర్‌కీపరు కళ్ళు మెరిశాయి. "తొలి ఈతా?"

"ఆఁ, తొలి ఈతే."

"ఏమండోయ్! ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేం?" అన్నాడు స్టోర్‌కీపరు. అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆగాడు. "మీరుండేది మూడో అంతస్తు కదూ?"

"అవును."

"మరి... చోటు?"

"చోటుకేముంది? హాల్లో భోజనాల బల్ల గోడకి జరిపేశాం."

స్టోర్‌కీపరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కిందింటివాళ్ళు ఊరుకున్నారా?"

"వాళ్ళకి తెలీదు. మీరూ ఎవరికీ చెప్పకండి. మోకాళ్ళ నొప్పులకి మంచిదని డాక్టరు చెప్పాడు, అందుకే ఈ తంటా అంతా."

మోకాళ్ళ నొప్పులకి ఈనడం మందని చెప్పిన డాక్టరు ఎవరా అని స్టోర్‌కీపరు ఆశ్చర్యపోయాడు. ఏ డాక్టరు ఏమన్నా మూగజీవి ప్రాణం ముఖ్యం. తనకి తెలిసిన పశువుల డాక్టరు నంబరు చీటీ మీద రాసి చేతిలో పెట్టాడు. "అందరూ డాక్టరుగారనే అంటారు. ఆయన చెయ్యి పడితే చాలు, ఎంత కష్టమైన ఈతయినా గట్టెక్కించేస్తాడు."

గట్టెక్కించేవాడే కదా కావలసింది అనుకుని గుమస్తా సంబరపడ్డాడు. ఈతలో ఆరితేరినవాణ్ణి డాక్టరనడం ముద్దుపేరు కాబోలనుకున్నాడు. మెట్ల మలుపులో నిలబడి ఫోన్ చేశాడు.

"మా ఇంట్లో ఈత సంగతండీ. స్టోర్‌కీపరుగారు మీ నంబరిచ్చారు."

"ఎన్నో ఈత?" అంది అవతల బొంగురు గొంతు.

"మొదటిదేనండీ."

"వయసు?"

గుమస్తా తడబడ్డాడు. వయసు చెప్పనని మాటిచ్చి వచ్చాడు. "కాస్త పైబడిందండీ."

"అదే చిక్కు. వయసు పైబడ్డాక తొలి ఈతంటే కష్టపడుతుంది. ఒళ్ళెలా ఉంది?"

"భారీగానే... అంటే, బాగానే ఉందండీ."

"తిండి తింటోందా?"

"పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదండీ. కంగారు పడుతోంది."

మన భాషలో ఒక సదుపాయం ఉంది. తింటోంది, పడుకుంది, కంగారు పడుతోంది అన్నప్పుడు ఇల్లాలికైనా ఆవుకైనా ఒకటే మాట సరిపోతుంది. ఎవరో పేరు పెట్టి చెబితే తప్ప తేడా తెలీదు. గుమస్తా పేరు పెట్టి చెప్పే రకం కాదు.

"పడుకుంటోందా, లేచి తిరుగుతోందా?"

"బోర్లా పడుకుని కాళ్ళు కొట్టుకుంటోందండీ."

"కాళ్ళు కొట్టుకుంటోందా! ఎప్పట్నించి?"

"నిన్నట్నించీ."

"నిన్నట్నించా!" అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "నీళ్ళు కనబడ్డాయా?"

"నీళ్ళదాకా ఇంకా రాలేదండీ. ప్రస్తుతం నేల మీదే. తలకింద పరుపు వేశాం. రెక్కలు కూడా కొత్తవి కొన్నాం."

పరుపు అనగానే డాక్టరు ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు. రెక్కలంటే ఫ్యాను రెక్కలనుకున్నాడు. "సరే, గాలి బాగా తగలనివ్వండి. దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. నేను ఆఫీసుకొచ్చేశాను."

"ఆ స్థితిలో వదిలేసి ఆఫీసుకొచ్చారా! అసలు మనిషేనా మీరు? ఎక్కడుంది మీ ఇల్లు?"

గుమస్తా చిరునామా చెప్పాడు. మూడో అంతస్తు అని కూడా చెప్పాడు.

"మూడో అంతస్తుకి ఎలా ఎక్కించారయ్యా?"

"మామూలుగా లిఫ్టులోనేనండీ. లిఫ్టు చెడిపోయిన రోజున మెట్లెక్కుతుంది. పాపం, అక్కడే మోకాళ్ళు..."

"బాబూ, మీరిక మాట్లాడకండి. తాళ్ళు తీసుకుని బయల్దేరుతున్నా. మీరూ ఇంటికి తగలడండి." ఫోను టక్కున ఆగింది.

ఈత నేర్పడానికి తాళ్ళెందుకో గుమస్తాకి బోధపడలేదు. మునిగిపోకుండా నడుముకి కడతారు కాబోలనుకున్నాడు. మాస్టారు బాగా కోపిష్టి, అంటే బాగా నేర్పేవాడే అని కూడా అనుకున్నాడు. మాస్టారు బయల్దేరారని ఇంటికి ఫోన్ చేసి ఒక ముక్క చెప్పాడు.

ఈలోగా స్టోర్‌కీపరు కడుపులో ఆ రహస్యం నిలవలేదు. అక్కడక్కడ చిల్లుపడి, చేతులు మారి, మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి అందులోంచి ఆవు జారిపోయింది. 'గుమస్తాగారింట్లో నొప్పులట' అన్నంతవరకే మిగిలింది. మేనేజరు గుమస్తాని పిలిపించాడు. గుమస్తా తలలోని నెరిసిన వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా చూశాడు.

"విన్నాను. ఈ వయసులో... ధైర్యమేనండీ."

ఇంత త్వరగా ఎలా పాకిందని గుమస్తా బిత్తరపోయాడు. దాచి లాభం లేదని తేల్చుకుని, "వయసుదేముందండీ. ఎప్పుడైనా మొదలెట్టొచ్చు. ఆరోగ్యానికి మంచిదట కూడాను," అన్నాడు.

మేనేజరు చేతిలో కలం కిందపడింది. "ఇంకా... ఉద్దేశముందా?"

"అలవాటు పడితే రోజూ ఉంటుందండీ. కుదిరితే నేనూ మొదలెడదామనుకుంటున్నా."

మేనేజరు లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. "మీరు... ఇంటికెళ్ళిపోండి. సెలవు సంగతి తర్వాత చూద్దాం. వెళ్ళండి, వెళ్ళండి," అని చేతులు జోడించినంత పనిచేశాడు.

గుమస్తా ఉండే భవనంలో జంతువులకి ప్రవేశం లేదు. ఆ నియమం పెట్టినవాడు రెండో అంతస్తులో, సరిగ్గా గుమస్తా వాటా కిందే ఉండే సంఘం సెక్రటరీ. మనిషి నిప్పులాంటివాడు. తన కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన ముచ్చటపడి పెంచుకుంటున్న చిలకని కూడా పంపించేయించాడు. చిలక మాట్లాడుతుంది, మాటలు శబ్దం చేస్తాయి, శబ్దం ప్రశాంతతకి భంగం అన్నాడు. ఆయనింట్లో మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా రేడియో భవనం అదిరేలా మోగుతూ ఉంటుంది. పాపం చెవుడు కాబోలని అందరూ ఊరుకున్నారు. అద్దెకుంటున్నవాళ్ళు నియమం తప్పితే ఖాళీ చేయించేదాకా నిద్రపోడని పేరు. గుమస్తా దంపతులు అద్దెకున్నవాళ్ళే.

నిన్నట్నించీ రేడియో మోతలో కూడా నెత్తి మీద దబ్బు దబ్బుమని ఏదో కొట్టుకోవడం సెక్రటరీ వింటూనే ఉన్నాడు. ఇవాళ కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఆటోలోంచి ఒక పచ్చగడ్డి మోపూ, ఒక దాణా బస్తా దిగుతున్నాయి. స్టోర్‌కీపరు మంచి మనసుతో పంపించినవి. "మూడో అంతస్తు గుమస్తాగారికి" అని ఆటోవాడు గట్టిగా అరిచాడు.

వెనకాలే భుజాన తాళ్ళచుట్టతో, చేతిలో పెద్ద నల్లసంచీతో డాక్టరు దిగాడు.

"తొలి ఈత ఏ ఇంట్లో?" అని వాచ్‌మన్‌ని అడిగాడు.

వాచ్‌మన్ తాళ్ళవైపు చూశాడు. "ఈత చాపలు అమ్మేవాళ్ళని లోపలికి పంపకూడదండీ."

"చాపలు కాదయ్యా! నేను పశువుల డాక్టర్ని. మూడో అంతస్తులో ఈనలేక నిన్నట్నించి కాళ్ళు కొట్టుకుంటోందట!"

వాచ్‌మన్‌ని తోసుకుని డాక్టరు లిఫ్టెక్కాడు. వాచ్‌మన్ మెట్లెక్కి తిన్నగా సెక్రటరీ గుమ్మంలో పడ్డాడు.

ఇదేమీ తెలియని ఇల్లాలు తలుపు తీసింది. కాళ్ళకి రెక్కలున్నాయి కాబట్టి బాతులా అడుగు ఎత్తెత్తి వేస్తూ వచ్చింది. ఎదురుగా బొంగురు గొంతు, తెల్లమీసం, భుజాన తాడు. పెద్దవయసు మనిషి కావాలంటే నిజంగానే పెద్దవయసువాణ్ణి వెతికి పంపించాడని మొట్టమొదటిసారి భర్త మీద గౌరవం కలిగింది.

"రండి మాస్టారూ, మీకోసమే చూస్తున్నా."

డాక్టరు ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశాడు. కళ్ళద్దాలు చూశాడు. రెక్కలు చూశాడు. పసిపిల్లల్ని ఆడించడానికి వేషం వేసుకుంది కాబోలని సర్దుకున్నాడు. "పేషెంటెక్కడమ్మా?"

"నేనేనండీ."

"మీరా?"

"సిగ్గుగానే ఉందండీ, ఈ వయసులో. కానీ మోకాళ్ళకి మంచిదన్నారు." ఆవిడ స్టూళ్ళ మీద బోర్లా పడుకుని చూపించింది. "ఇదిగో, ఇంతవరకూ సొంతంగా వచ్చింది. ఇక్కణ్ణుంచి ఎలా కదలాలో మీరే చెప్పాలి."

డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాడు. "అమ్మా, పొరపాటు జరిగింది. నేను మనుషుల్ని చూడను."

"చూడకుండా ఎలా నేర్పిస్తారండీ? కళ్ళు మూసుకునా?"

"నేర్పడమేమిటమ్మా? ఇందులో నేర్పేదేముంది? టైమొస్తే అదే బయటికొస్తుంది. రాకపోతే మేం తాడేసి లాగుతాం."

ఇల్లాలు చటుక్కున లేచి కూర్చుంది. "నన్నా?"

"మిమ్మల్ని కాదు తల్లీ, లోపలున్నదాన్ని!"

"లోపల ఎవరూ లేరండీ. మా అత్తగారు కూడా ఊళ్ళో లేరు," అంది ఆవిడ స్టూలు మీద వెనక్కి జరుగుతూ. అత్తగారి మెడకో కాలికో తాడేసి లాగే మనిషిని భర్త ఎందుకు పంపించాడో ఆవిడకి తోచలేదు. కొన్నిసార్లు తనే అలా అనుకున్న మాట నిజమే గానీ, ఎవరితోనూ పైకి అనలేదు.

సరిగ్గా అప్పుడే గుమస్తా రొప్పుతూ వచ్చాడు. లిఫ్టులో గడ్డిమోపు ఇరుక్కుపోతే మెట్లెక్కి వచ్చాడు. ఆయన వెనకాల సెక్రటరీ. సెక్రటరీ వెనకాల వాచ్‌మన్, కింది వాటా పెద్దాయన, ఇంకా ఎవరెవరో. గుమ్మం నిండిపోయింది.

"గేదె ఎక్కడ?" అని గర్జించాడు సెక్రటరీ.

"గేదేంటండీ?" అన్నాడు గుమస్తా.

"నా నెత్తి మీద నిన్నట్నించి డెక్కలు కొడుతున్నది ఎవరు? కింద గడ్డి ఎవరికి? ఈయన ఎవరు? పక్కకి తప్పుకోండి!"

సెక్రటరీ స్నానాలగదిలోకి తొంగిచూశాడు. వంటింట్లోకి వెళ్ళాడు. పడకగది తలుపు బార్లా తీసి, మంచం కిందకి కూడా వంగి చూశాడు. మంచం కింద గేదె పట్టదని పెద్దాయన గుర్తుచేస్తే, "దూడయితే?" అన్నాడు. ఎక్కడా ఏమీ దొరక్క హాల్లోకి తిరిగొచ్చేసరికి, ఆకుపచ్చ రెక్కలతో నిలబడ్డ ఇల్లాలు తప్ప ఆ ఇంట్లో వింతజీవి ఏదీ లేదు.

"ఈయనెవరండీ? ఈత మాస్టారే కదా?" అంది ఆవిడ భర్తతో.

"మాస్టారే... స్టోర్‌కీపరుగారు చెప్పారు... డాక్టరని ముద్దుగా..."

"ముద్దుగానా!" డాక్టరు మీసం అదిరింది. "ముప్పయ్యేళ్ళుగా పశువుల డాక్టర్ని నేను! ఏమయ్యా, ఫోన్లో నువ్వేమన్నావు? తొలి ఈతన్నావా లేదా?"

"అంటే... నీళ్ళల్లో ఈదే ఈత..."

అందరి కళ్ళూ ఒక్కసారి రెక్కల మీద పడి, మళ్ళీ గుమస్తా ముఖం మీదికి లేచాయి.

డాక్టరుకి కడుపుమంట చల్లారలేదు. "నీళ్ళల్లో ఈదే ఈతయితే ఆ ముక్క చెప్పొద్దూ? వయసు పైబడిందన్నావు!"

ఇల్లాలు భర్తవైపు తిరిగింది.

"ఒళ్ళు భారీ అన్నావు!"

ఇల్లాలు కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపింది.

"పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదు, కాళ్ళు కొట్టుకుంటోంది, పాపం మెట్లెక్కితే మోకాళ్ళన్నావు! నేను ఆవని కాక ఏమనుకోవాలి?"

"చాలు డాక్టరుగారూ," అంది ఆవిడ నెమ్మదిగా. ఆ నెమ్మది చూసి గుమస్తా గుమ్మంవైపు జరిగాడు. "మిగతావి నేనడిగి తెలుసుకుంటాను."

ఇంత జరిగినా సెక్రటరీ వెనక్కి తగ్గలేదు. పదిమంది ముందు మంచం కిందికి దూరినవాడు ఊరికే బయటికి ఎలా వెళ్తాడు? "గేదె లేకపోతే లేకపోనీండి. గడ్డి వచ్చిందా లేదా? పశువుల డాక్టరు వచ్చాడా లేదా? భవనం పరువేం కావాలి? ఈ నెలాఖరుకి మీరు ఇల్లు..."

మాట పూర్తి కాలేదు. మెట్ల మీద పరుగు వినిపించింది. సెక్రటరీ భార్య జుట్టు చెదిరి, చేతులు తడిగా, గుమ్మంలో జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏవండీ! పశువుల డాక్టరు వచ్చారటగా? ఇక్కడే ఉన్నారా? దేవుడు పంపినట్టే వచ్చారు!"

సెక్రటరీ ఆవిడకి అడ్డం వెళ్ళాడు. "నువ్వు కిందికెళ్ళు. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతేంటండీ, అక్కడ బంగారం నొప్పులు పడుతోంటే! ఒకటి సగంలో ఆగిపోయింది!"

"బంగారం ఎవరమ్మా? మీ అమ్మాయి వచ్చిందా?" అన్నాడు పెద్దాయన.

ఆవిడ భర్తవైపు చూసింది. సెక్రటరీ నేలవైపు చూస్తున్నాడు. అంత పెద్ద గొంతున్న మనిషి గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని అక్కడెవరూ అనుకోలేదు.

"కుక్క," అన్నాడు.

గుమ్మంలో ఉన్నవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వాచ్‌మన్ మాత్రం గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. డాక్టరు ఇవేవీ పట్టించుకోలేదు. నల్లసంచీ అందుకుని, "ఎన్నో ఈత?" అన్నాడు.

"మొదటిది డాక్టరుగారూ," అంది సెక్రటరీ భార్య ఏడుస్తూ.

"పదండి. సాయానికి ఒకరు కావాలి. చెయ్యి వణకనివాళ్ళు ఎవరున్నారు?"

సెక్రటరీ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. గుమస్తా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇల్లాలు మాత్రం, "సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను. నేనొస్తా," అని, రెక్కలు విప్పడానికి కూడా ఆగకుండా పటపటమని మెట్లు దిగింది.

రెండో అంతస్తులో రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. వెనక సామాన్ల గదిలో, సెక్రటరీ కప్పుకునే ఉన్ని శాలువా మీద ఒక గోధుమరంగు కుక్క మూలుగుతోంది. రేడియో ఎవరికోసమో అప్పుడు తెలిసింది అందరికీ. పెద్దాయన వెళ్ళి ఆ రేడియో కట్టేశాడు. కుక్క మూలుగు ఒక్కసారిగా ఇల్లంతా వినబడింది.

సెక్రటరీ దాని తల ఒళ్ళో పెట్టుకుని కింద కూలబడ్డాడు. "వానలో గేటు పక్కన వణుకుతూ కనిపించింది. ఒక్క రాత్రి ఉంచుదామనుకున్నా. పొద్దున లేచి చూస్తే నా చెప్పుల మీద తల పెట్టుకుని పడుకునుంది. పంపించలేకపోయాను," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. "దీనికేమీ కాదు కదా డాక్టరుగారూ?"

"మీరు కాస్త ఏడుపు ఆపితే కాదు," అన్నాడు డాక్టరు.

అడ్డం తిరిగిన పిల్లని తిప్పి బయటికి తియ్యడానికి చాలాసేపు పట్టింది. తీశాక అది కదల్లేదు. డాక్టరు దాన్ని ఇల్లాలి చేతిలో పెట్టి, "తువ్వాలుతో గట్టిగా రుద్దండి, ఆపకండి," అని రెండోదాని పని చూసుకున్నాడు. ఆవిడ నేల మీద చతికిలబడి, రెక్కలు చెరోవైపు చాపుకుని, రుద్దుతూనే ఉంది. దాని ముక్కు తుడిచింది. నోట్లో జిగురు వేలితో తీసింది. సెక్రటరీ భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. గుమస్తా గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు. భార్యని అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

చివరికి ఆ పిల్ల నోరు తెరిచి, కుట్టుమిషను బొబ్బిను కిర్రుమన్నట్టు ఒక చిన్న కూత పెట్టింది.

సెక్రటరీ బావురుమన్నాడు. ఈసారి డాక్టరు ఆపమనలేదు.

మిగతావి ఒకదాని వెనక ఒకటి ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేశాయి. అందరూ చేతులు కడుక్కుంటుండగా సెక్రటరీ పెద్దాయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. చేతిలో తడి తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"చిలక ఎలా ఉంది?" అన్నాడు చివరికి.

"మా చెల్లెలింట్లో ఉంది. వెళ్ళిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదట," అన్నాడు పెద్దాయన.

"నేనే వెళ్ళి తీసుకొస్తాను."

"వద్దులెండి. మిమ్మల్ని చూస్తే అది తిట్టడానికి నోరు విప్పుతుంది. నేను తెచ్చుకుంటాను."

ఇల్లాలు అప్పటికి గానీ రెక్కలు విప్పుకోలేదు. ఈత దుస్తుల మీద అన్ని రకాల మరకలూ ఉన్నాయి. భర్త దగ్గరికొచ్చి ఆ రెక్కలు రెండూ ఆయన చేతిలో పెట్టింది. "ఈత మాస్టార్ని నేనే వెతుక్కుంటాను. మీరు మాత్రం ఎక్కడా నోరు విప్పకండి."

"అది కాదే... నేనన్నది..."

"భారీ అన్నారు."

"భారీ అని... బాగానే అని వెంటనే దిద్దుకున్నాను కదా."

"ఇంటికి పదండి. మీరు పూర్తిగా దిద్దుకునేదాకా నేనూ ఉంటాను."

గుమస్తా ఇంటికి వెళ్ళడానికి ఏమాత్రం తొందరపడకుండా డాక్టర్ని సాగనంపడానికి లిఫ్టుదాకా వెళ్ళాడు. వాచ్‌మన్ అప్పటికి గడ్డిమోపు బయటికి లాగేశాడు. డాక్టరు తాళ్ళచుట్ట భుజాన వేసుకుని లోపల నిలబడ్డాడు. గుమస్తా గొంతు తగ్గించి, అసలు తన ఉద్దేశం అది కాదనీ, ఉద్దేశం వేరు మాట వేరు అయిపోతుంటాయనీ, అలాగని మాటదీ తప్పు కాదనీ ఏదో మొదలుపెట్టాడు. డాక్టరు కాసేపు ఓపికగా విని, తలుపు మూసుకుంటుండగా అన్నాడు:

"ఈసారి ఎవరికైనా ఫోన్ చేస్తే, ముందు కాళ్ళెన్నో చెప్పు నాయనా."